మా మామ పుట్టుచెవిటివాడు కాదు

మా మేనమామ పోయాడు. పొద్దున చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగాడట. పక్కింటి కోడలు కిరాణా దుకాణం నుంచి ఫోన్ చేసి, "మీ మామ పొయిండు, జల్ది రా, అత్తమ్మ ఒక్కతే ఉన్నది" అని పెట్టేసింది. నేను ఊరి ఆ చివర నుంచి మామ వాళ్ళ భవాని పేట్ చేరేసరికి అత్త ఆయన తలను ఒళ్ళో పెట్టుకుని చెవిలో ఏదో చెబుతోంది. ఆమె మాట ఆ చెవికి చేరక చాలా ఏళ్ళయింది. అయినా చెబుతూనే ఉంది.

మా సోలాపూర్‌లో ఒక అలవాటుంది. చితికి నిప్పు పెట్టాక ఎవరో ఒక పెద్దమనిషి ముందుకొచ్చి పోయినవాడి గురించి నాలుగు మంచి మాటలు చెబుతాడు. శ్రద్ధాంజలి అంటారు. ఆ రోజు ముందుకొచ్చింది ఎవరనుకున్నారు? మా మామతో ఏళ్ళ తరబడి పవర్‌లూమ్‌లు నడిపించుకున్న కార్ఖానా మాలక్. చేతులు కట్టుకుని, తల వంచి, గొంతు తగ్గించి మొదలుపెట్టాడు.

"పాపం, మా బావ పుట్టుచెవిటోడు. చెవులియ్యని దేవుడు ఆయనకు బంగారమసొంటి మనసిచ్చిండు. నేను దయదలిచి పనిచ్చిన. నా కార్ఖాన్ల అన్నం దిన్నడు. నా ఇంటి మనిషి."

జనం తలలూపారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. నేను నోరు తెరవలేదు. మామను తిట్లతో సాగనంపడం ఇష్టం లేక ఊరుకున్నాను, అంతే. ఇప్పుడు తెరుస్తున్నాను.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. పోయినవాడిని పొగిడితే పోయేదేముందని మీరూ అనొచ్చు. ఉంది. మాలక్ పొగిడింది మామను కాదు, తనను. "పుట్టుచెవిటి" అన్న ఒక్క ముక్కతో తన కార్ఖానా నేరాన్ని దేవుడి ఖాతాలో వేశాడు. దేవుడు అడ్డం చెప్పడు. చితి మీద ఉన్నవాడు అసలే చెప్పడు. కాబట్టి నేను చెబుతున్నాను.

మా మామ పుట్టుచెవిటివాడు కాదు. నాకు తెలిసిన మనుషుల్లో ఆయన అంత బాగా విన్నవాడు ఇంకొకడు లేడు.

అప్పటికి మా తాత ఇంట్లో ఇంకా చేతి మగ్గం ఉండేది. పేటలో గల్లీ గల్లీకీ మగ్గాలే. మామ నన్ను వెంటేసుకుని నడుస్తూ, తలుపు లోపల మగ్గంలో దారంతో అటూ ఇటూ ఉరికే నాడె చప్పుడు, నేతను బిగించే పలక దెబ్బ విని ఆ ఇంటి సంగతి చెప్పేవాడు. "ఇను, నాడె తొందరవడ్తున్నది. ఇయ్యాల చీర దింపి బజారుకు పోవాలె వీడు." ఇంకో గడప దగ్గర ఆగి, "వీనికి పెండ్లాంతోని పడలే. సూడు, పలక ఎట్ల గుద్దుతున్నడో" అనేవాడు. నేను నవ్వితే, "నవ్వకురా అల్లుడా, మగ్గం అబద్ధమాడది. మనిషే ఆడ్తడు" అనేవాడు.

మా అత్త బీడీలు చుడుతుంది. తునికాకును కత్తెరతో ముక్కలుగా కోయడం ఆ పనిలో మొదటి మెట్టు. ఆ కత్తెర చప్పుడు ఆ ఇంటికి గడియారం. మామ గుమ్మం బయటే చెప్పులు విడుస్తూ చెవి లోపలికి పెట్టేవాడు. ఒకసారి నన్ను భుజం పట్టి ఆపాడు. "మీ అత్త ఇయ్యాల గరం మీదున్నది. చప్పుడు ఇన్నవా? మెల్లగ కోస్తలేదు, కరక్ కరక్ కొరుకుతున్నది. నడువ్, ఓ చాయ్ తాగొద్దాం." చాయ్ తాగి వచ్చి మళ్ళీ గుమ్మం దగ్గర విన్నాడు. "ఆఁ, దిగింది. ఇప్పుడు పోదాం." లోపలి నుంచి అత్త, "ఏంది బయట నిలవడి వేదం సదువుతున్నరు మామా అల్లుండ్లు? లోపల సచ్చిందా బతికిందా సూడరా?" అని కేకేసింది. మామ నాకేసి కన్నుగీటాడు. "దిగలేదురా, ధోకా అయింది."

అట్లాంటి చెవులవి.

చేతి మగ్గాలు ఒక్కొక్కటే అటకెక్కాక, గల్లీలోని మగవాళ్ళంతా కార్ఖానాల్లో చేరారు. మామ ఇంటి దగ్గరి కార్ఖానాలోనే చేరాడు. మాలక్ మా కులపాయనే, మా తాత ముత్తాతలు వలస వచ్చిన తెలుగు జిల్లా నుంచే వాళ్ళవాళ్ళూ వచ్చారు. అందుకే కూలివాణ్ణి "బావా" అని పిలుస్తాడు. ఈ వరసల సంగతి బయటివాళ్ళకు అర్థం కాదు. వరస కలిపితే జీతం పెంచక్కర్లేదు. వరస కలిపితే సంఘం పెట్టుకోవడం ఇంట్లో చిచ్చు అవుతుంది. మన కులం మన కులం అని నెత్తిన పెట్టుకుని ఊరేగే మా పేట జనం మీద నాకున్న కోపమంతా ఆ "బావా" అన్న పిలుపులోనే ఉంది.

రేకుల కప్పు కింద మగ్గాలు ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉంటాయి. మీరెప్పుడూ ఆ లోపలికి పోలేదేమో. అక్కడ చప్పుడు వినపడదు, తగులుతుంది. పళ్ళల్లో తగులుతుంది, పక్కటెముకల్లో తగులుతుంది. నోరు చించుకున్నా పక్కవాడికి మాట చేరదు గనక కార్ఖానాలో పనిచేసేవాళ్ళు గొంతు వాడరు. పెదాలు మాత్రం కదిలిస్తారు. ఎదుటివాడు ఆ మూల నుంచి ఆ పెదాలను చదువుకుని జవాబిస్తాడు. బాకీల దగ్గర్నుంచి బూతు జోకుల దాకా అన్నీ పెదాల మీదే. ఇళ్ళకొచ్చాక కూడా మా వాళ్ళు అట్లాగే మాట్లాడుకుంటారు. గొంతు దండగ అంటారు.

మామ మొదట్లో దారం చుట్టిన కండెల దగ్గర రాలిన దూదిని ఉండ చేసి చెవుల్లో పెట్టుకునేవాడు. ఒకనాడు మాలక్ చూశాడు. అందరి ముందూ దగ్గరికొచ్చి, తన రెండు వేళ్ళతో ఆ దూది పీకి నేల మీద పారేశాడు. "చెవుల దూది పెట్టుకుంటే దారం తెగింది నీకెవడు చెప్తడు, నీ అయ్యనా? మగ్గం మాట ఇనాలె బావా." ఈ సంగతి మామ నాకు నవ్వుతూ చెప్పాడు. నేను నవ్వలేదు. ఇప్పటికీ ఆ రెండు వేళ్ళు నాకు కనిపిస్తాయి. ఎప్పుడు కనిపించినా వాటిని విరచాలనిపిస్తుంది.

చెవులు ఒక్కరోజులో పోలేదు. ముందు పోయింది అత్త కత్తెర.

"నాకేం తెలుసు?" అని అత్త చెప్పింది. "ఎంత కరక్ కరక్ కోసినా సక్కగ లోపలికొచ్చి కూసుంటున్నడు. నా కోపానికి భయం పోయిందనుకున్న. ఒక దినం కత్తెర గోడకేసి కొట్టిన. తలెత్తి సూడలే. అప్పుడు ఎరికైంది, ఇనవడ్తలేదని."

కత్తెర తర్వాత గాజులు పోయాయి. కుక్కర్ ఈల పోయింది. పిచ్చుకలు పోయాయి. ఆ తర్వాత ఆడవాళ్ళ గొంతులు. మిగిలినవి లావు చప్పుళ్ళు మాత్రమే: ఉరుము, లారీ, డోలు, కాళ్ళ కింద అదిరే నేల. నేను తీసుకెళ్ళిన డాక్టరు చెవిలోకి దీపం వేసి చూసి, "ఏం పని చేస్తారు?" అని అడిగి, జవాబు వినగానే దీపం ఆర్పేశాడు. ఇక చూడక్కర్లేదన్నాడు. సన్న శబ్దాలు ముందు పోతాయి, మగ్గాలవాళ్ళందరికీ అంతే అన్నాడు.

కేకేస్తే వినడం లేదని మాలక్ ఆయన్ను మగ్గం మీద నుంచి తీసి మూటలు మోయడానికి పెట్టాడు. కొన్నాళ్ళకు అదీ వద్దన్నాడు. అప్పుడు మామ కులపెద్దల దగ్గరికి పోయాడు. నేను పక్కనే ఉన్నాను. పైసలు అడుగుతాడని అందరూ అనుకున్నారు, మాలక్ కూడా. మామ నిలబడి, తన గొంతు తనకే సరిగ్గా తెలియక కొంచెం గట్టిగానే చెప్పాడు.

"నాకు పైసలద్దు. పని గూడ అద్దు. ఒక్క మాట కావాలె. నా చెవులు నీ కార్ఖాన్ల పొయినయని ఈ నలుగుట్ల అను మాలక్. చాలు."

ఎంత చిన్న కోరిక! ఎంత పెద్ద కోరిక! ఆ మాట ఒక్కసారి మాలక్ నోటి నుంచి పడితే పేటలో సగం చెవులు లేచి నిలబడతాయి. అందుకే ఆయన నవ్వాడు. "అరె బావా, నువ్వు పుట్టుచెవిటోనివి. చిన్నప్పటి సంది ఎరికే నాకు. దయదలిచి పనిచ్చిన, మర్చిపొయినవా?" అన్నాడు. మా తాత మగ్గం ముందు మామతో కలిసి ఆడుకున్నవాళ్ళు ఆ గుంపులో ఉన్నారు. ఒక్కడూ కాదనలేదు. పెద్దలు అందరికీ చాయ్ తెప్పించి, మనం మనం ఒకటి అన్నారు.

అప్పటి నుంచి మామ నన్ను చూసినప్పుడల్లా "బాగున్నవా" అనడం మానేశాడు. పెదాలతో ఒక్కటే అడిగేవాడు. "అన్నడా?" నేను తల అడ్డంగా ఊపేవాడిని. అదే మా పలకరింపు.

కొన్నేళ్ళు గడిచాయి. మాలక్ బంగ్లా కట్టాడు. ఎక్కడ కట్టాడో చూడండి: కార్ఖానా ముందు వైపు, బంగ్లా వెనక వైపు, పడకగది ఇంకా వెనక్కి, మగ్గాల మోత చేరని చివరి మూలకు. ఆ మూల గోడే మా మామ ఖోలీకి కూడా గోడ. ఖోలీకి గల్లీ అవతల ఇంకొకళ్ళ కార్ఖానా; దాని మోతంతా ఆ ఒంటిగదే కాసేది, పడకగదికి చేరనిచ్చేది కాదు. మోత చెవులకు ఏం చేస్తుందో మాలక్‌కు తెలియదంటే నేను నమ్మను. ఆ పడకగది చూసినవాడెవడూ నమ్మడు.

ఒకనాడు మామ అన్నాడు. "అల్లుడా, నాకు పాట ఇనాలనున్నది. నాకు అందేటట్ల ఒక పెట్టె సూడు. ఖోలీ చిన్నది, చెయ్యి అంతకంటే చిన్నది. సోచ్ జేసి సూడు."

క్యాసెట్ల కాలం. కొంతం చౌక్ దగ్గర ఒక ఆంప్లిఫయర్ల దుకాణం ఉండేది. సామాన్లు తెచ్చి అక్కడే బిగించి ఇస్తారు గనక కంపెనీ సరుకు కంటే చవక. సుట్టి రోజు చూసుకుని, అంటే కార్ఖానాలు బంద్ ఉన్న రోజు, మామను తీసుకుపోయాను. దుకాణదారు అరమారంత స్పీకర్లు చూపించాడు. నేను వద్దన్నాను. ఇంత చిన్న గదికి చిన్న జతే సరిపోతుంది, మాట స్పష్టంగా ఉండాలి, ఒత్తు పొల్లు తెలియాలి అని వాదించాను. అరచెయ్యంత జత ఒకటి తీసుకున్నాం. దుకాణంలో బంగారంలా పాడింది. ఇంటికి తెచ్చి పెడితే ఇంకా బాగా పాడింది. అత్త ఆకు కోయడం ఆపి మరీ విన్నది. మామ దగ్గరగా చెవి పెట్టి, ఏదో కొంచెం తగులుతున్నదన్నాడు.

తెల్లారి నేనింకా అక్కడుండగానే గల్లీ అవతలి కార్ఖానా మొదలైంది. పాట పోయింది.

"పెట్టినవా?" అంది అత్త.

"పెట్టిన" అన్నాను.

"యాడ? ఏం ఇనవడ్తలే."

ఇది మా పేటవాళ్ళు మాత్రమే చేయగలిగిన తప్పు. కొనుక్కోవడానికి మాకు తీరిక ఉండేది సుట్టి రోజే. ఆ రోజు దుకాణమూ నిశ్శబ్దం, ఇల్లూ నిశ్శబ్దం. మగ్గాల మోత మాకు గోడలాంటిది, ఉందని గుర్తుండదు. అందుకే పేటలో సగం ఇళ్ళలో రేడియోలు, టేపురికార్డర్లు సుట్టి రోజే పాడేవి. మిగిలిన రోజుల్లో పెట్టె మీద గుడ్డ కప్పి, దాని మీద దేవుడి పటం పెట్టేవాళ్ళు. మామ ఆ చిన్న స్పీకర్ మీద అరచెయ్యి పెట్టి చూసి, "ఈగ లెక్క కొట్టుకుంటున్నది పాపం. తీస్కపోయి ఇచ్చెయ్యి" అన్నాడు.

దుకాణదారు మొదట తిరిగి తీసుకోనన్నాడు. తర్వాత మామ చెవుల సంగతి విని, తనే సాయంత్రం ఖోలీకి వస్తానన్నాడు. మంచి మనిషి. నోట్లో మరాఠీ సగం, తెలుగు సగం. గుమ్మంలో నిలబడి, "ఖోలీ కేవ్‌ఢీ ఆహే కాకా? ఎంత?" అన్నాడు. మామ ఆ పెదాలు చూసి, "మా ఆమె బీడీల చాట పెడితే నేను కాళ్ళు ముడుసుకోవాలె. గంత" అన్నాడు.

"డబ్బ మీద వాట్లు గిన్ని అని రాసున్నయ్ గదా?" అని నేనడిగితే ఆయన నవ్వాడు. "అవి పెండ్లిపత్రిక మీది పేర్ల లెక్క సాహేబ్. రాసుడే. వచ్చేదెవరు?"

తర్వాత విడమరిచి చెప్పాడు. సన్న ఆవాజుకు రెండు పెట్టెలు కావాలి, ఎందుకంటే అది ఎటు నుంచి వస్తుందో చెవి కనిపెడుతుంది. దానికి మేం కొన్న చిన్న జతే చాలు, అది అత్తకు, ఆమె కూర్చునే ఎత్తులో, కొంచెం దగ్గరగా. లావు ఆవాజు ఎటు నుంచి వస్తుందో ఎవరికీ తెలియదు, అందుకని దానికి ఒక్క పెట్టె చాలు. దాన్ని సబ్‌ఊఫర్ అంటారు. అది మామకు. గది చిన్నది కాబట్టి మరీ పెద్దది వద్దు, ఎనిమిది ఇంచుల కోను, మందం చెక్క, అంతే. పెద్దది పెడితే గిన్నెలు నాచ్ చేస్తాయి గానీ పాట రాదు. చెక్క పలచనైతే పెట్టే పాడుతుంది, పాట పాడదు.

"ఇంగొకటి సాంగతో కాకా, చెప్తున్న. దీన్ని మూలకు పెట్టొద్దు, గుమ్ గుమ్ అంటది. గోడకైతే అసల్‌కే ఆనియ్యొద్దు. ఆవాజ్ గోడ పట్టుకుంటది. మీకు ఇంతే ఇనవడ్తది గని, ఆ పక్కోడు మంచం మీదికెల్లి లేస్తడు."

మామ ఆ పెదాల మీద నుంచి కళ్ళు తిప్పలేదు. "మల్లొక్కసారి చెప్పు" అన్నాడు.

దుకాణదారు మళ్ళీ చెప్పాడు.

"ఏ గోడకానిచ్చినా?"

"ఏ గోడకైనా."

మామ నావైపు తిరిగాడు. అంత నిండుగా ఆయన నవ్వగా నేను చాలా ఏళ్ళుగా చూడలేదు. "గిదే కావాలె."

"మామా, నీకు పాట కావాలంటివి" అన్నాను పెదాలతో.

"పాటనే అల్లుడా. ఇనేటోల్లు ఇంగొకరుంటే తప్పా?"

ఆ నల్ల పెట్టెను మాలక్ పడకగది గోడకు, చీమ కూడా దూరకుండా ఆనించాడు. మాలక్ మధ్యాహ్నం భోంచేసి పడుకుంటాడని పేటంతా తెలుసు. ఆ వేళకే క్యాసెట్ వేసేవాడు. డోలు ఎక్కువున్న పాటలే ఏరి తెమ్మనేవాడు. నేను తెచ్చిపెట్టేవాడిని, సంతోషంగా. ఇక్కడ నన్ను తప్పుపట్టే మర్యాదస్థులు ఎవరైనా ఉంటే వాళ్ళతో నాకు ఒకటే మాట: మీరు ఆ కులపెద్దల చాయ్ తాగినవాళ్ళు.

నాలుగోనాడో ఐదోనాడో మాలక్ బనీను మీదనే గల్లీలోకి వచ్చాడు.

"బావా, ఏం పెట్టినవ్ గది? గోడ దడదడమంటున్నది. తగ్గియ్."

"ఆఁ?"

"తగ్గియ్!"

"జర గట్టిగ చెప్పు మాలక్."

"తగ్గియ్యమంటున్నా!" అని మాలక్ గొంతు చించుకున్నాడు. గల్లీలో తలుపులన్నీ తెరుచుకున్నాయి.

"ఓ, అదా! మోగుతున్నదా ఏంది?" మామ పెట్టె వైపు ఆశ్చర్యంగా చూశాడు. "నాకెట్ల తెలుస్తది మాలక్? పుట్టుచెవిటోన్ని గద."

గల్లీ గొల్లున నవ్వింది. అత్త చాటలోంచి తల ఎత్తకుండానే, "నేను చెప్తనే ఉన్న అన్నా, ఇంటడా? చిన్నప్పటి సంది గంతే. నీకెరికే గద" అంది.

మాలక్ మొహం కమిలిపోయింది. మామ అప్పుడు నవ్వు ఆపి, దగ్గరికి పోయి నెమ్మదిగా చెప్పాడు. "ఆ ఒక్క మాట అను మాలక్. ఇదే గల్లీల, ఇగో వీళ్ళ ముందట. ఇప్పుడే తీగ పీకేస్త."

మాలక్ అనలేదు. వెనక్కి తిరిగి, మర్నాడు కులపెద్దలను పంపాడు. వాళ్ళు ఆ చిన్న ఖోలీలో మోకాళ్ళు మోకాళ్ళు తగిలేలా కూర్చున్నారు. మామ పాట పెట్టే ఉంచాడు. సాసర్లలో చాయ్ వణుకుతోంది. అందరికంటే పెద్దాయన ఓపిగ్గా మొదలుపెట్టాడు. "నీ ఇంట్ల నీ ఇష్టమేరా బిడ్డా. కాని ఇంత మోత పెడితే పక్క మనిషి పానం ఏమయితది? అది సోచ్ జేయాలె గద?"

మామ ఆయన పెదాలను చివరి దాకా చదివి, చేతులు జోడించాడు. "సక్కగ చెప్పినవ్ తాతా. మోతతోని పక్క మనిషి పానం పాడయితదని మీరే అంటున్నరు. ఇదే మాట మాలక్‌తోని అనిపియ్యిండ్రి. నేనడిగింది గదే."

పెద్దాయన చాయ్ తాగకుండానే లేచాడు.

మామ నుంచి నేను నేర్చుకున్న విద్య అదే. ఇన్నేళ్ళుగా నేను రాసిన ఏ వ్యాసంలోనైనా ఒక మంచి దెబ్బ పడి ఉంటే, దాని వెనక ఆయనున్నాడు. గొంతు పెంచక్కర్లేదు, ఎదుటివాడి మాటనే ఎత్తి వాడి గోడకు ఆనించాలి.

ఆ వారంలోనే మాలక్ పడకగది మేడ మీదికి మారింది. గల్లీ గల్లీ నవ్వింది. "మంచమైతే మేడెక్కింది, మాటైతే దిగలే" అన్నాడు మామ. గెలిచాననుకోలేదు ఆయన. మరునాడు పెట్టెను గోడ నుంచి ఈడ్చి గది నడుమకు తెచ్చాడు. "ఇగ ఇది నాకోసం" అని, దానికి వీపు ఆనించి కూర్చున్నాడు.

ఆ పొద్దు నేను అక్కడున్నందుకు ఎవరికి కృతజ్ఞతలు చెప్పుకోవాలో తెలియదు, ఆయనకే చెప్పుకుంటున్నాను. కార్ఖానా నడుస్తూనే ఉంది. మామ కళ్ళు మూసుకోలేదు. ఎదురుగా బీడీలు చుడుతున్న అత్త పెదాలనే చూస్తున్నాడు. చిన్న స్పీకర్లు ఇప్పుడు ఆమె చెవి పక్కనే ఉన్నాయి. ఆమె పాటలోని మాటలు విని, గొంతు లేకుండా పాడుతోంది. ఆయన వాటిని ఆమె పెదాల మీద చదువుకుంటూ, దరువును వీపుతో అందుకుంటున్నాడు. వేళ్ళు మోకాలి మీద తాళం వేస్తున్నాయి, ఒక్కటీ తప్పకుండా.

"మాటలు నాకొచ్చె, దరువు ఆయనకొచ్చె" అంది అత్త. "ఇద్దరం కలిస్తే ఒక మనిషయితం."

"ఏమంటున్నదిరా?" అన్నాడు మామ. ఆమె ఆ ముక్క తల దించుకుని అంది గనక ఆయన చదవలేకపోయాడు. నేను పెదాలతో చెప్పాను. ఆయన సిగ్గుపడ్డాడు. ఆ వయసులో.

ఇంత సుఖపడ్డాడు గదా, ఇక పగ వదిలేశాడేమో అంటారా? అట్లా రాస్తే ఈ వ్యాసం అందంగా ఉంటుంది. కానీ అబద్ధమవుతుంది. పాట పాటే, పగ పగే. పోయిన నెల నేను వెళ్ళినప్పుడు జ్వరంతో పడుకుని ఉన్నాడు. నన్ను చూడగానే ఎండిన పెదాలు కదిలాయి. "అన్నడా?"

అనలేదు మామా. నీ చితి ముందు నిలబడి కూడా అనలేదు.

పదోనాడు మామ వాళ్ళ వాడా నడుమ, చుట్టూ ఖోలీలున్న లోగిలిలో, చాపలు పరిచాం. షిఫ్టు మారుతున్న వేళ గనక మగ్గాలవాళ్ళు చాలామంది వచ్చారు. కార్ఖానా మోత గోడల మీదుగా పడుతూనే ఉంది. మాలక్ వచ్చాడు. అందరూ చాపల మీదుంటే ఆయన కోసం ఎవడో కుర్చీ తెచ్చాడు. అది లోకం తీరు. ఆయన కూర్చుని నా భుజం మీద చెయ్యి వేశాడు. "పెద్ద దిక్కు పోయె అల్లుడా."

నేను ఆ చెయ్యి తీసి ఆయన ఒళ్ళోనే పెట్టాను. ఎదురుగా కూర్చుని, మామూలు గొంతుతో చెప్పాను. "మాలక్, చితి ముందట నువ్వన్నది అబద్ధం. మా మామ చెవులు నీ కార్ఖాన్ల పొయినయ్. ఈడ నలుగురున్నరు. ఆ ఒక్క మాట ఇప్పుడన్నా అను."

మాలక్ అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని ముందుకు వంగాడు. "ఆఁ? జర గట్టిగ చెప్పు బిడ్డా. ఈ నడుమ సక్కగ ఇనవడ్తలేదు."

ముసలితనమో, ఇన్నేళ్ళు పనివాళ్ళ మీద కన్నేసి మగ్గాల ముందే గద్దె వేసుకుని కూర్చున్న ఫలమో, నేను డాక్టర్ను కాను. జాలి కలిగిందా అని అడగకండి. కలగలేదు. నేను గొంతు పెంచలేదు. అదే గొంతుతో, అవే మాటలు మళ్ళీ చెప్పాను.

చాపల మీద ఉన్నవాళ్ళందరికీ అర్థమైంది. వాడా ఆ చివర, పంపు దగ్గర నిలబడ్డవాళ్ళకు కూడా. వాళ్ళు నా గొంతు వినలేదు, నా పెదాలు చదివారు. మాలక్‌కు ఆ చదువు రాదు. అది మగ్గం ముందు నిలబడినవాళ్ళకే వస్తుంది, మగ్గాల ముందు కుర్చీ వేసుకున్నవాళ్ళకు రాదు.

"ఏమంటున్నడు?" అని పక్కనున్న ముసలి నేతగాణ్ణి అడిగాడు. ఆయన మాలక్ కళ్ళలోకి చూసి, గొంతు లేకుండా పెదాలు మాత్రం కదిలించాడు. అను మాలక్. మాలక్ ఇటువైపు తిరిగాడు. ఇటున్న కుర్రాడూ అంతే. అను మాలక్. వాడి వెనక ఇద్దరు. గోడ పక్కన నలుగురు. ఎవరూ ఎవరికీ సైగ చేయలేదు. గడపలో కూర్చున్న మా అత్త కొంగు పక్కకు లాగి, తల ఎత్తి, ఆమె కూడా పెదాలు కదిలించింది.

మాలక్ చెవి వెనక అరచెయ్యి తీయకుండా, ఒక్కో మొహం వైపూ తిరుగుతున్నాడు.